రూతమ్మ చదవని కీర్తన

కరోనా తగ్గిన రెండో ఏడాది, ఎండాకాలం. నాకు ఆత్మకూరులో కళ్ళద్దాల షాపు ఉంది. మంగళవారాలు మాత్రం పెట్టె సర్దుకుని తెల్లవారుజాము బస్సుకు ఉదయగిరి వెళ్ళి, అక్కడ ఒక మందుల షాపు వరండాలో బల్ల వేసుకుని సాయంత్రం దాకా చూపు పరీక్ష చేసేవాణ్ణి. ఎదురుగా దుర్గం కొండ. గోడ మీది బోర్డు కంటే ముందు ఆ కొండనే చూపించి, "పైన కోట గోడ కనపడతా ఉండాదా?" అని అడిగేవాణ్ణి.

నలభై ఏళ్ళలో లక్ష మంది కళ్ళు చూశాను. ఇది నేను అందరికీ చెప్పే మాట. నిజానికి ఎవరూ లెక్కపెట్టలేదు, అందులో సగం కూడా ఉండరేమో. ఒక ఎమ్మెల్యేకి అద్దాలు నేనే అమర్చానని కూడా చెప్పేవాణ్ణి. అమర్చింది ఆయన డ్రైవరుకు, అవీ చలువ అద్దాలు. జనం నన్ను కంటి డాక్టరు అనేవాళ్ళు. నేను డాక్టర్ని కాను, ఆప్టీషియన్ని. అంటే పవర్ చూసి అద్దాలు ఇచ్చేవాణ్ణి. కంట్లో జబ్బు ఉందేమోనని అనుమానం వస్తే డాక్టరు దగ్గరికి పంపడం వరకే నా పని. ఈ తేడా నేనెవరికీ విడమరిచి చెప్పలేదు. డాక్టరు అని పిలిస్తే వినడానికి బాగుండేది.

మా పనిలో దూరపు చూపుకు బోర్డు, దగ్గర చూపుకు నియర్ కార్డు ఉంటాయి. నియర్ కార్డు అంటే చేత్తో పట్టుకుని చదివే చిన్న అట్ట. కంపెనీ అట్ట మీద పొంతన లేని వాక్యాలుంటాయి. నేను సొంత తెలివి ఉపయోగించి వేరే అట్టలు చేసుకున్నాను. రైతు వస్తే పాసుపుస్తకం జిరాక్సు ఇస్తాను. మందులు మింగేవాళ్ళకు మాత్రల రేకు ఇస్తాను. నాలాంటి క్రైస్తవులు వస్తే బైబిల్లోని కీర్తన ఉన్న అట్ట ఇస్తాను. రోజూ చదివేదాన్నే చదివిస్తే మనిషి బెదరడు, పవర్ సరిగ్గా తెలుస్తుంది. దానితో గిరాకీ కూడా పెరిగింది. అద్దాలయ్య మంచి భక్తిపరుడని చుట్టుపక్కల మందిరాల్లో పేరొచ్చింది.

భక్తి సంగతి చెప్పేస్తాను. క్రిస్మస్‌కి, గుడ్ ఫ్రైడేకి మందిరానికి వెళ్ళేవాణ్ణి. నా భార్య పోయిన తర్వాత ఇంట్లో బైబిలు తెరవలేదు. ఆ కీర్తన అట్ట కూడా నేను చదివి ఎంచుకున్నది కాదు. జిరాక్సు షాపులో పుస్తకం విప్పితే వచ్చిన పేజీ. అక్షరం సైజు సరిపోయింది, అంతే.

పవర్ పెట్టిన తర్వాత కూడా అట్ట మీది సన్న అక్షరం చదవలేకపోతే అద్దాలు అమ్మకూడదనేది నేను పెట్టుకున్న నియమం. అలాంటప్పుడు కంటి వెనక ఏదో ఉందని అర్థం. నెల్లూరు కంటి ఆసుపత్రికి పంపాలి.

ఆ మంగళవారం రూతమ్మ వచ్చింది. ఉదయగిరి పక్క పల్లె. డెబ్బై దాటిన మనిషి, చాలా ఏళ్ళుగా షుగరు. బైబిలు చదవాలనే ఒక్క కోరికతో యాభై ఏళ్ళ వయసులో సాయంత్రం బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకుంది. వాళ్ళ మందిరంలో ప్రసంగానికి ముందు వాక్యం పైకి చదివేది ఆమే.

"అక్షరాలు అలుక్కపోతా ఉండాయయ్యా. ఆదివారం చదివేటప్పుడు లైను తప్పిపోతా ఉండా. మంచి అద్దాలియ్యి" అంది.

దూరం బోర్డు సరిగ్గా చదవలేకపోయింది. శుక్లం మొదలై ఉంటుందనుకున్నాను. ట్రయల్ ఫ్రేమ్, అంటే అద్దాలు మార్చి మార్చి పెట్టి చూసే బరువైన చట్రం, ముక్కు మీద పెట్టి కీర్తన అట్ట చేతికిచ్చాను.

"కీర్తన ఉంది, చదువమ్మా."

ఆమె అట్టను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఒక్క క్షణం ఆగింది. తర్వాత మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. నేను ఆ సమయంలో బెంచీ మీద కూర్చున్న మరో మనిషికి ఎమ్మెల్యే అద్దాల కథ చెబుతున్నాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. రూతమ్మ గొంతు ఒక పక్క సాగుతూనే ఉంది. ఆగిపోయాక ఇటు తిరిగాను.

"అబ్బో, ఇరవై ఏళ్ళ పిల్ల మాదిరి చదివినావే!"

"ఆయన కృపయ్యా" అని నవ్వింది.

దూరం ఆనని మనిషి దగ్గర అంత బాగా ఎలా చదివిందని నన్ను నేను ప్రశ్నించుకోవాల్సింది. శుక్లం మొదట్లో కొందరికి దగ్గర చూపు మెరుగవుతుంది. అదే అయి ఉంటుందని సరిపెట్టుకున్నాను. వారం తర్వాత అద్దాలు ఇచ్చాను.

క్రిస్మస్ దాటాక రూతమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కోడలు సునీత చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వరండా మెట్టు దగ్గర ఆమె కాలితో వెతుక్కోవడం చూసి లేచి ఎదురెళ్ళాను.

"ఏంది రూతమ్మా, అద్దాలు యాడ?"

"ఉండాయి సంచిలో. పెట్టుకున్నా అంతే, తీసినా అంతే."

ట్రయల్ ఫ్రేమ్ పెట్టి అట్ట ఇచ్చాను. ఆమె మళ్ళీ ధారాళంగా చదవసాగింది. బెంచీ మీద ఆరోజు ఎవరూ లేరు కాబట్టి నేను వింటున్నాను. విన్నా నాకేమీ తేడా తెలియలేదు. సునీత అత్త భుజం మీదుగా వంగి అట్ట చూసింది.

"అత్తా, ఏం చదవతా ఉండావు? దాని మీద ఉండేది అది కాదే."

"కీర్తనే గదే?"

"కీర్తనే. నువ్వు చెప్పేది కాపరి కీర్తన, ఇరవై మూడు. ఇది కొండల కీర్తన. నూట ఇరవై ఒకటి."

రూతమ్మ అట్ట ఒళ్ళో పెట్టుకుంది.

"పోయినసారి కూడా ఇంతేనా రూతమ్మా?" అని అడిగాను.

"గీతలు గీతలుగా కనపడె. కీర్తన అంటివి. ఎవురైనా అట్ట మీద ఏసేది కాపరి కీర్తనే గదా అనుకున్నా. చదవలేనంటే నెల్లూరికి పంపుతావని భయమేసింది. కళ్ళు పోయినాయంటే ఆదివారం నన్ను చదవనియ్యరు గదా. అబద్ధమాడినానయ్యా."

ఆమె అబద్ధం చిన్నది. అరవై ఎనిమిదేళ్ళ క్రైస్తవుణ్ణి నేను. నేను తయారుచేసిన అట్ట మీద లేని కీర్తనను నా ముందే ఒక మనిషి చెబితే నాకు తెలియలేదు. ఒకసారి కాదు, రెండుసార్లు.

మరుసటి రోజు ముగ్గురం నెల్లూరు బస్సెక్కాం. అక్కడి కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల చూశారు. షుగరు వల్ల రెటీనా, అంటే కంటి వెనక చూపు పడే పొర, బాగా దెబ్బతిందన్నారు. లేజర్ పెట్టి మిగిలినదాన్ని నిలబెడతామన్నారు.

"చదువుకోవడానికి వస్తాదా మేడం?" సునీత అడిగింది.

"అది ఇంక రాదమ్మా. కొన్ని నెలల ముందు తీసుకొచ్చి ఉంటే కాపాడగలిగేవాళ్ళం. ఇంతకుముందు ఎవరికీ చూపించలేదా?"

సునీత నా వైపు చూసింది. నేను గోడ మీద బోర్డు వైపు చూశాను.

"ఏదో క్యాంపులో చూసినారంట మేడం" అన్నాను.

తిరుగు బస్సులో రూతమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కళ్ళు మూసుకుని ఉంది, తెరిచినా ఆ చుక్కల వల్ల ఎండ పొడుస్తోంది. వింజమూరు వచ్చాక ఆమె వైపు వంగాను.

"రూతమ్మా, ఆ క్యాంపు మాట..."

"పక్కనే ఉంటిని గదయ్యా. కళ్ళు పోయినాయి గానీ చెవులు పోలా."

"ఆరోజు నేను వినలేదు. పక్కాయనతో సొల్లు చెప్పుకుంటా ఉన్నాను. విన్నా తెలిసేది కాదు. ఏ కీర్తన ఏందో నాకు రాదు."

ఆమె ముఖం నా వైపు తిరిగింది. "రాదా? చిన్నప్పట్నుంచి చదువొచ్చు గదయ్యా నీకు! నేను యాభై ఏళ్ళకు అక్షరం దిద్దినా. పదిమందిలో సిగ్గు విడిచి దిద్దినా."

ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. సునీత కొంగుతో తుడుస్తూనే ఉంది. నేను క్షమించమని అడిగాను.

"దేవుణ్ణడుగు. ఆయన చేస్తాడు. నాకు టైం పడతాది" అంది రూతమ్మ.

లేజర్ కోసం మరికొన్నిసార్లు వెళ్ళొచ్చాం. మందిరంలో వాక్యం చదివే పని మరొకరికి ఇచ్చారు. ఆ మొదటి ఆదివారం రూతమ్మ మందిరానికి వెళ్ళలేదని సునీత చెప్పింది. ఫోన్లో బైబిలు వినిపించే ఏర్పాటు చేస్తే రెండు రోజులు విని పక్కన పెట్టేసింది. "అది పోతానే ఉంటాది. నా కోసం ఆగదు" అందట.

ఒక మంగళవారం నేను చూడడానికి వెళ్తే ఆమె పుస్తకం నా చేతిలో పెట్టింది. "బస్సుకు ఇంకా టైముందిగా. చదువు" అంది. చదివాను. పేర్ల దగ్గర తడబడ్డాను.

"ఏందయ్యా ఆ చదవడం, రాళ్ళ మీద బండి మాదిరి? వచ్చే వారానిది ఇంటికాడ రోజూ చదువుకొని రా."

అలా మొదలైంది. షాపు షట్టరు ఎత్తకముందు స్టూలు మీద కూర్చుని ఆమె చెప్పిన భాగం చదువుకునేవాణ్ణి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు గంటలు ప్రార్థనలో ఉంటున్నానని అయ్యగారితో, అంటే మా పాస్టరుతో, చెప్పాను. నిజానికి ఇరవై నిమిషాలు. అందులో కొంత కునుకు. మొదట్లో రూతమ్మ తిడుతుందనే భయంతోనే చదివాను. పోను పోను పొద్దున చదివిన మాట మధ్యాహ్నం అద్దం అరగదీస్తున్నప్పుడు గుర్తొచ్చేది. ఒకరోజు పుస్తకం మూసి దేవుడితో మాట్లాడదామనుకున్నాను. గొప్పలు చెప్పడానికి ఏమీ దొరకలేదు, ఆయనకు అన్నీ తెలుసు. నా భార్య పేరొక్కటే నోట్లోంచి వచ్చింది. ఆమె పోయిన తర్వాత ఏడవడం అదే మొదలు. ఆరోజు షట్టరు ఆలస్యంగా ఎత్తాను.

నేను చదువుతుంటే రూతమ్మ ప్రతి రెండు వాక్యాలకూ "ఆగు" అనేది. పెదవులతో ఆ మాటలు తిప్పుకునేది. "దాచుకోనీ. నువ్వు రాని రోజుకు కావాల గదా" అనేది. క్షమాపణ ఊసు నేను మళ్ళీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

ఏడాదిన్నర గడిచింది. షుగరు కిడ్నీల మీద పడింది. చివరి మంగళవారం ఆమె మంచం మీద పడుకుని ఉంది, సునీత గుమ్మం దగ్గర నిలబడింది. చదువుతుంటే ఒక్కసారి కూడా ఆగమనలేదు. అధ్యాయం అయిపోయింది. ఆమె ఏమైనా అంటుందని కాచుకుని కూర్చున్నాను.

"వచ్చే వారం ఇంకొంచెం ముందుగా రా. తొందర తొందరగా చదివిపోతా ఉండావు" అంది.

శుక్రవారం కన్నుమూసింది.

తర్వాతి ఆదివారం వాళ్ళ మందిరంలో ఆమెను తలుచుకుంటూ సాక్ష్యాలు చెప్పమన్నారు. మాలో సాక్ష్యమంటే దేవుడు తన జీవితంలో చేసినదాన్ని లేచి పదిమందికీ చెప్పడం. నేనూ లేచాను. రూతమ్మ చివరి రోజున నా తల మీద చెయ్యి పెట్టి, "నిన్ను క్షమించినాను నాయనా" అన్నదని చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నాకూ కన్నీళ్ళు వచ్చాయి, చెబుతుంటే నిజంలాగే ఉంది.

బయట టీ గ్లాసులు అందిస్తూ సునీత నా దగ్గర ఆగింది.

"అయ్యా, అత్త అట్టా అనలేదే."

"లేదమ్మా."

"అనుంటే బాగుండేదని నాకూ ఉండాది. అనలేదు గదా."

గ్లాసు చేతికిచ్చి వెళ్ళింది. ఆ టీ తాగలేకపోయాను.

పనికి సంబంధించి నేను నేర్చుకున్నది ఈ పని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు పనికొస్తుంది. ఇప్పుడు నా బల్ల మీద ఏ అట్టా లేదు. ఆరోజు వచ్చిన పేపరు ఇచ్చి చదివిస్తాను, అది ఎవరికీ కంఠతా ఉండదు. వాళ్ళు చదువుతున్నంతసేపూ నేను నోరు తెరవను, వాళ్ళ వేలు ఏ అక్షరం మీద ఉందో చూస్తూ ఉంటాను. సగం మందిని అద్దాలు అమ్మకుండానే నెల్లూరు పంపుతున్నాను. సగం అనేది మళ్ళీ నేను కోసిన కోతే. పదిమందిలో ఒకరు ఉంటారు.

మిగతాది ఆ సాక్ష్యం చెప్పిన వారం తర్వాత, ఆత్మకూరు నుంచి మళ్ళీ ఆ మందిరానికి వెళ్ళినప్పుడు నేర్చుకున్నాను. సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. అట్ట సంగతి, బెంచీ మీద మనిషి సంగతి, నెల్లూరులో క్యాంపు అని చెప్పిన సంగతి, రూతమ్మ నన్ను క్షమించానని అనలేదన్న సంగతి, అన్నీ చెప్పాను. ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. ఆ మందిరం అయ్యగారు, "మీరే ప్రార్థన చెయ్యండి" అన్నారు.

అంతకుముందు అయితే పావుగంట చేసేవాణ్ణి. ఆరోజు, "ప్రభువా, ఆమె చూపు నా వల్ల పోయింది. ఆమె నన్ను క్షమించకుండానే నీ దగ్గరికి వచ్చింది. నేను రోజూ పొద్దున నీ దగ్గరికి వస్తాను, ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు" అన్నాను. ఇంకా ఏదైనా కలపాలనిపించింది. కలపలేదు. కూర్చున్నాను.

ఆమెన్ అన్నది సునీత ఒక్కతే. అదీ కొంతసేపు ఆగి.