ఓటీపీ చెప్పు

నా పేరు మీద అప్పులున్నాయని నాకు మొదట చెప్పింది కార్లు అమ్మే మనిషి. అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో కారు లేకపోతే ఇంటికి ఉప్పు ప్యాకెట్టు కూడా రాదు. వర్క్ పర్మిట్ చేతికొచ్చింది, పిల్లల డే కేర్‌లో ఉద్యోగం దొరికింది, ఇక పాతదైనా సరే నాకంటూ ఒక కారు కొనుక్కుందామని వెళ్లాను. ఈ దేశంలో నేనెప్పుడూ ఏ బ్యాంకులోనూ చిల్లిగవ్వ అప్పు చేయలేదు. క్రెడిట్ హిస్టరీ, అంటే అప్పు తీసుకుని తీర్చిన రికార్డు, లేదంటారేమోనని అదే బెంగగా కూర్చున్నాను. అతను కంప్యూటర్ చూసి ఇబ్బందిగా నవ్వి, హిస్టరీకి లోటేమీ లేదన్నాడు. మూడు క్రెడిట్ కార్డులు, మూడూ నిండిపోయాయి, కొన్ని నెలలుగా ఎవరూ కట్టడం లేదు. మీరు ఇంకెవరిదో చూస్తున్నారన్నాను. స్క్రీన్ నా వైపు తిప్పాడు. పేరు నాదే, పుట్టిన తేదీ నాదే.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. కాదంటారనుకున్నాను, నిజం చెప్పాలంటే కాదనాలని కోరుకున్నాను. ఆయన లాప్‌టాప్ మూసి, నేనే తీశాను అన్నారు.

ఆయన కాంట్రాక్టరు. ఒక ప్రాజెక్టు అయిపోయి ఇంకొకటి దొరికేదాకా జీతం ఉండదు. పాప కడుపులో ఉండగా అలా చాలా నెలలు గడిచాయట. ముందు తన కార్డులు వాడి, అవి నిండాక నా పేరు మీద తీశారట. ఇంటద్దె, సరుకులు, ఊళ్లో అందరి పిల్లల పుట్టినరోజులకూ మేం తీసుకెళ్లిన బహుమతులు, అన్నీ వాటి మీదే. ఆ నెలలన్నీ ఆయన పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పైగదిలో తలుపేసుకుని కూర్చునేవారు. మీటింగుల్లో ఉన్నారనుకుని నేను మిక్సీ కూడా వేసేదాన్ని కాదు. చట్నీ రోట్లో రుబ్బాను. అప్పు కంటే ఆ చట్నీ తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండింది.

డే కేర్‌లో నాతో పనిచేసే ఆవిడ, లాభాపేక్ష లేని ఒక సలహా సంస్థ ఉందని చెబితే ఫోన్ చేశాను. అక్కడి కౌన్సెలర్ ఓపికగా వివరించింది. వాళ్లు కంపెనీలతో మాట్లాడి వడ్డీ తగ్గిస్తారు. కార్డులన్నీ మూసేసి, నెలకొకసారి ఒకే మొత్తం కడుతూ కొన్నేళ్లలో అప్పు తీర్చుకోవాలి. దాన్ని డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ అంటారు. అయితే నువ్వు ఒప్పుకోని అప్పును ప్లాన్‌లో పెట్టకు, ముందు ఆ కంపెనీలనే నిలదీయి, నువ్వు ఒప్పందం చేసుకున్నావని వాళ్లను చూపించమను అంది. చూపించలేకపోతే ఆ అప్పు నాది కాదు. కానీ అది ఎవరు చేశారో నాకు తెలిస్తే, పోలీసులకిచ్చే కంప్లైంట్‌లో ఆ పేరు రాయాలి.

ఆ పేరు రాస్తే ఆయన వీసా ఏమవుతుందో చెప్పడానికి లాయరు అక్కర్లేదు. నా వీసా ఆయన వీసాకే వేలాడుతోంది. అయినా నా కోపం తగ్గలేదు. మర్నాడు మధ్యాహ్నం పాపని పడుకోబెట్టి, ఆయన వింటుండగానే మొదటి కంపెనీకి ఫోన్ చేశాను. నేనెక్కడా సంతకం పెట్టలేదు, చూపించండి అని గట్టిగానే అడిగాను. అవతలి కుర్రాడు మర్యాదగా, సంతకం కాదు మేడమ్, మీ ఫోన్‌కి కోడ్ పంపాం, ఆ కోడ్ మాకు సరిగ్గా తిరిగొచ్చింది అన్నాడు. రెండో కంపెనీవాళ్లూ అదే మాట.

ఆ కోడ్లు చెప్పింది నేనే. పెళ్లయినప్పటి నుంచీ మా ఇంట్లో అది మామూలు. ఆయన హాల్లోంచి ఓటీపీ చెప్పు అంటారు. నేను ఒక చేత్తో దోసె తిప్పుతూ, రెండో చేత్తో ఫోన్ చూసి, గట్టిగా అంకెలు చదువుతాను. దేనికని ఒక్కసారీ అడగలేదు. కరెంటు బిల్లుకో, టికెట్లకో అనుకునేదాన్ని. మా అక్కా అంతే, మా స్నేహితురాళ్లూ అంతే.

మూడో కంపెనీ ఆవిడ కార్డు తెరిచిన తేదీ చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాను. అది మా పాప పుట్టిన రోజు.

ఆ రోజు నేను ఎవరికీ ఏ అంకెలూ చదవలేదు. లేబర్ రూమ్‌లో ఉన్నాను. ఫోటోలు తీస్తానని ఆయన నా ఫోన్ తీసుకున్నారు. ఈ ఒక్క కార్డు విషయంలో నేను నూటికి నూరుపాళ్లూ గెలుస్తాను. ఇది మీరు చేసింది కాదంటే ఇప్పుడే ఫ్రాడ్ విభాగానికి కలుపుతాను అందావిడ. కాసేపు ఆగమన్నాను.

"నేను అక్కడ నొప్పులు పడుతుంటే, మీరు బయట కూర్చుని నా పేరు మీద అప్పు చేశారా?"

ఆయన తలెత్తలేదు. "ప్రాజెక్టు లేనప్పుడు ఇన్సూరెన్స్ మనమే కట్టుకోవాలి. ఆ రోజే ఆఖరు తేదీ. కట్టకపోతే హాస్పిటల్ బిల్లు మొత్తం మన మీద పడేది. ఆ టైంలో నీకు ఎలా చెప్పను?"

"అడిగితే ఇవ్వనా? నా పేరే కదా, అడిగితే ఇవ్వనా?"

నాకు ఏడుపొచ్చింది, మరుక్షణం ఈయన్ని గిల్లేయాలన్నంత కోపమొచ్చింది. లైన్లో ఆవిడ ఇంకా ఉన్నారా అని అడుగుతోంది. పక్కగదిలో పాప నిద్రలో ఏదో గొణిగింది. ఆ కార్డు నాదే, కడతాను అని ఆవిడతో చెప్పి ఫోన్ పెట్టేశాను. క్షమించానని కాదు. ఆ డబ్బు ఎవరికోసం ఖర్చయిందో తెలిశాక కాదనడానికి నోరు రాలేదంతే.

ఆ శనివారం పొద్దున ప్లాన్‌లో చేరాం, ఆయన కార్డులూ నా కార్డులూ కలిపి. కౌన్సెలర్ పంపిన లింకు తెరిచి ఆయన హాల్లో వివరాలు నింపుతున్నారు. నేను వంటింట్లో ఉప్మాకి నీళ్లు పోస్తున్నాను. నా ఫోన్ మోగింది.

"ఓటీపీ వచ్చిందా? చెప్పు," అన్నారు హాల్లోంచి, అలవాటు కొద్దీ.

నేను చెప్పలేదు. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చుని లాప్‌టాప్ నా వైపు తిప్పుకున్నాను. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. నేను చదవడం పూర్తయ్యేసరికి ఆ కోడ్ గడువు దాటిపోయింది. ఇంకో కోడ్ పంపమని నేనే నొక్కాను.