మా లంక, దాని రెండో భాగం

మేం ఆడే వీడియో గేమ్‌కి రెండో భాగం వస్తోందని నాకు హాస్పిటల్ బస్సులో తెలిసింది. సాయంత్రం ఆరున్నర, డ్యూటీకి వెళ్తున్నాం. ఫోన్‌లో దాని వీడియో చూసి నేను వేసిన కేకకి డ్రైవరు బ్రేక్ మీద కాలేశాడు. ముందు సీట్లోని ఫిలిప్పీన్ సిస్టర్ వెనక్కి తిరిగి, ఇంటి దగ్గర అంతా క్షేమమేనా అని అడిగింది. క్షేమమే, మా కోళ్ళు మళ్ళీ వస్తున్నాయని చెప్పాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు.

ముందు ఆ కోళ్ళ సంగతి చెప్పాలి. సౌదీ అరేబియాలోని జిజాన్‌లో నేను పిల్లల వార్డు నర్సుని. నా గదిలో ఉండే అక్క సర్జికల్ వార్డులో చేసేది. సొంత అక్క కాదు. నాది తెనాలి పక్కన, ఆవిడది నరసాపురం దిగువన గోదావరి లంక. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. స్టాఫ్ క్వార్టర్స్‌లో మా ఇద్దరికీ ఒక గది, రెండు మంచాలు, ఒక టీవీ. నాకు పగటి డ్యూటీ పడిన నెల ఆవిడకి రాత్రి డ్యూటీ, ఆవిడకి పగలు పడితే నాకు రాత్రి. ఒకళ్ళు లేచేసరికి ఇంకొకళ్ళు బస్సెక్కేసేవాళ్ళు. ఒకే గదిలో ఉంటూ వారానికి ఒకసారి, అదీ సెలవు కలిస్తేనే, ముఖాలు చూసుకునేవాళ్ళం.

ఆ టీవీకి తగిలించిన గేమ్ బాక్స్ నాది. నాకు చిన్నప్పటి నుంచీ ఆటల పిచ్చి. అక్కకి అదంటే చిరాకు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకా ఆ బొమ్మలేంటే అనేది. నేను అప్పట్లో ఆడుతున్న ఆటలో ఒక చిన్న ద్వీపం ఉంటుంది. దాని మీద ఒక లైట్‌హౌసు, రెండు మంచాలున్న ఇల్లు, ఐదు కోళ్ళు, కాస్త కూరగాయల మడి. మూడు రోజులకోసారి పడవ వస్తుంది. సాయంత్రం దీపం వెలిగించడం మర్చిపోతే పడవ రాదు. అంతే ఆట. శత్రువుల్లేరు, కత్తుల్లేవు, గెలవడం కూడా లేదు. ఇంటి గుమ్మం పక్కన ఒక పలక వేలాడుతుంటుంది, మనకి మనం గుర్తుగా నాలుగు మాటలు రాసుకోవడానికి.

ఒకరోజు ఆట మధ్యలో ఉండగా వార్డుకి అర్జంటుగా రమ్మన్నారు. పలక మీద 'కోళ్ళకి మేత వెయ్యలేదు' అని రాసి, టీవీ కట్టెయ్యకుండానే పరిగెత్తాను. మర్నాడు పొద్దున గదికొచ్చి చూస్తే అక్క లేదు, డ్యూటీకి వెళ్ళిపోయింది. పలక మీద ఇలా ఉంది: "కోళ్ళు ఐదు. నాలుగు తిన్నాయి. మూడో నంబరు తినలేదు, అబ్జర్వేషన్‌లో పెట్టాను. దీపం వెలిగించాను. పడవ రాలేదు. వేరే కంప్లైంట్స్ లేవు."

కడుపు పట్టుకుని నవ్వాను. ఆవిడ కోళ్ళకి హ్యాండోవర్ ఇచ్చింది. డ్యూటీ మారేటప్పుడు ఏ పేషెంటు ఎలా ఉన్నాడో తర్వాత వచ్చే నర్సుకి ఎలా అప్పజెబుతామో అచ్చం అలాగే. ఆకలితో ఉన్న ప్రాణి కనబడితే వదిలేసి వెళ్ళడం ఆవిడకి చేతకాదు, అది బొమ్మ కోడి అయినా సరే.

అప్పటి నుంచి మూడేళ్ళు ఆ ద్వీపాన్ని ఇద్దరం నడిపాం. అక్క దాన్ని మన లంక అనేది. ఎడమ మంచం నాది, బెడ్ నంబర్ వన్. కుడిది ఆవిడది, బెడ్ నంబర్ టూ. నేను డ్యూటీకి పోయేముందు ఒక గంట ఆడి పలక రాసేదాన్ని, ఆవిడ వచ్చి చదివి అక్కడి నుంచి అందుకునేది. మొదట్లో కోళ్ళ సంగతులే. తర్వాత తర్వాత మా సంగతులు కూడా ఎక్కాయి. 'టమాటాలు కోశాను. ఇవాళ వార్డులో ఒక బాబు పోయాడు.' అలాంటి రోజున తిరిగొచ్చేసరికి గదిలో నా మంచం దగ్గరా, లంకలో నా మంచం దగ్గరా పూలు పెట్టి ఉండేవి. అసలు మంచం దగ్గరవి బజార్లో ఆడవాళ్ళు అమ్మే మల్లెపూలు.

ఇంక అసలు విషయం. రెండో భాగం కబురు తెలియడానికి రెండు వారాల ముందు అక్కకి హుఫూఫ్ ట్రాన్స్‌ఫర్ వచ్చింది. బావగారు అక్కడే కట్టడాల పనిలో సూపర్‌వైజరు. ఒకే దేశంలో ఉంటూ ఆరేళ్ళుగా ఆయనొక మూల, ఈవిడొక మూల. అప్లికేషన్ పెట్టి పెట్టి విసిగిపోయాక ఇప్పుడు వచ్చింది. నేను సంతోషించాలి. సంతోషించాను, పాయసం కూడా వండాను. తర్వాత బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చాను. ఈ గదికి ఎవరో ఒకరు వస్తారు, అది కాదు బాధ. మా లంక ఏమవుతుంది?

అలాంటప్పుడు వచ్చింది ఆ వీడియో. అందులో తాటికాయంత అక్షరాలు: ఇకపై రెండు ఊళ్ళలో ఉన్న ఇద్దరు ఒకే ద్వీపంలో బతకొచ్చు. ఇప్పుడు చెప్పండి, నేను బస్సులో అరిచానంటే తప్పుందా?

ఆట రావడానికి ఇంకా రెండు నెలలుంది, అక్క ప్రయాణం ఆ తర్వాతే. ఆ రెండు నెలలూ నేను నేల మీద లేను. ఆ వీడియోని అక్కకి పాతికసార్లు చూపించాను. ఆవిడ కోళ్ళ కోసం వెతికేది. "ఆ మూలన ఎర్రగా కదిలింది చూడవే, మన మూడో నంబరు కాదూ" అనేది. బజారులో గేమ్స్ కొట్టు నడిపే పాకిస్తానీ భాయ్ నన్ను చూడగానే, నేను అడగకముందే, "అభీ నహీఁ ఆయా సిస్టర్" అని, ఇంకా రాలేదన్నట్టు చెయ్యూపేవాడు. ఆట వచ్చే రోజుకి ఇద్దరికీ సెలవు కలవాలని రోస్టర్ వేసే సిస్టర్‌ని బతిమాలాను. దాని కోసం మూడు శుక్రవారాలు వదులుకున్నాను. ఆవిడ పెళ్ళిచూపులా అని అడిగింది. అంతకంటే పెద్దదే అన్నాను.

ఆ రోజు పొద్దున్నే అక్క కోడిపలావు వండింది. కొట్టు తెరవగానే భాయ్ పెట్టె చేతిలో పెట్టి, "ముబారక్ హో" అన్నాడు. నేను గదికి ఎలా వచ్చానో నాకే తెలియదు. పెట్టె మీది ప్లాస్టిక్ చింపబోతుంటే అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు మూసుకుని ఒక నిమిషం ప్రార్థన చేసుకుంది. నేనూ చేసుకున్నాను. ఆట డిస్కు కోసం ప్రార్థన చేసినవాళ్ళు సౌదీలోనే కాదు, ఎక్కడా ఉండరు.

ఆట మొదలైంది. లైట్‌హౌసు తగలబడుతోంది. గుర్రం మీద ఒకడు కత్తి తిప్పుకుంటూ వచ్చాడు. బొమ్మలు ఎంత బాగున్నాయో, నీళ్ళ మీద వెలుగు కూడా కదులుతోంది. అక్క కళ్ళజోడు సవరించుకుని ముందుకి జరిగింది.

"దీపం ఏదే?"

"కాలిపోయిందక్కా. కథ అక్కడి నుంచే మొదలంట."

"అయితే పడవలెలా వస్తాయి?"

"పడవల్లేవు. ఇందులో ఎగురుతారంట."

"కోళ్ళో?"

కోళ్ళున్నాయి, రెండు వందలు. వాటికి నంబర్లు లేవు. మేత మిషను వేస్తోంది.

"అన్నీ అయ్యే చేసుకుంటే మనమెందుకే ఇక్కడ?" అంది అక్క.

నాకు ఇంకా నమ్మకం చావలేదు. కత్తి పట్టుకుని ఎవరెవరినో నరికి, ఎలాగోలా ఇల్లు సంపాదించాను. ఇంట్లో మంచం ఒక్కటే. గుమ్మం పక్కన పలక లేదు. పలక ఉండాల్సిన చోట బొటనవేలు, గుండె బొమ్మలు, నచ్చితే నొక్కడానికి. రెండు ఊళ్ళ సంగతేంటని వెతికితే, తెర మీద నిబంధనలు వచ్చాయి. అతిథి అరగంట ఉండొచ్చు. అతిథి తెచ్చినవి, పెట్టినవి, అతిథి వెళ్ళగానే తొలగించబడతాయి.

నేను చదివి వినిపించాను. అక్క కళ్ళజోడు తీసేసింది.

"ఇది విజిటింగ్ అవర్సే గదే" అంది. "మనం విజిటర్లం కాదు. స్టాఫు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆట బాగోలేకపోతే బాగోలేదని ఊరుకోవచ్చు. అది కాదు నా కోపం. వీళ్ళు మొదటి ఆటలో ఏం తయారుచేశారో వీళ్ళకే తెలియదు. ఆ పలక ఎవడో ఏదో మూల ఖాళీగా ఉందని తగిలించి ఉంటాడు, రెండోసారి అక్కర్లేదని పీకేశాడు. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు మూడేళ్ళు బతికారని వాడికి ఎవరు చెప్పాలి? నేనే చెప్పాను. పలావు చల్లారిపోతున్నా లెక్క చెయ్యకుండా ఆ కంపెనీకి ఇంత పొడుగు ఉత్తరం రాసి పంపాను. మీ ఉత్సాహానికి ధన్యవాదాలు అని జవాబు వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే అది చెడ్డ ఆట కాదు. మా వార్డులో పిల్లలు దానికోసం ప్రాణం పెడతారు. మా ఆట కాదు, అంతే.

ఆ సాయంత్రమే పాత డిస్కు మళ్ళీ పెట్టాం. కోళ్ళు ఐదూ గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాయి. దీపం వెలిగించాం. పక్కపక్కన కూర్చుని ఆడడం మూడేళ్ళలో ఎన్నిసార్లని, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అప్పుడు, మూడో నంబరుకి మేత వేస్తూ, అక్క మామూలుగా అంది.

"ఒసేయ్, మత్తు మందుల కబ్బోర్డు తాళం ఎలా ఇస్తాం మనం?"

"చేతికి చేతికి. ఎందుకక్కా?"

"తాళం ఒక్కటే. డ్యూటీలో ఉన్నోళ్ళ దగ్గరే ఉంటది. మన లంకనీ అలాగే ఇచ్చుకుంటే?"

నేను లేచి నిలబడ్డాను. మా హాస్పిటల్లో మిషన్లు బాగుచేసే హైదరాబాద్ భాయ్‌ని మర్నాడే పట్టుకుని అడిగాను. పాత ఆటకి ఇంటర్నెట్ తెలియదుగానీ, లంక మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుందన్నాడు, అవతల అలాంటి బాక్సే ఉంటే చాలన్నాడు. "దానికింత హంగామా ఎందుకమ్మా, కాపీ జేసి చెరొకటి పెట్టుకోరాదుండ్రి" అన్నాడు. కాపీ ఉంటే రెండు లంకలవుతాయి. నా కోళ్ళు వేరు, ఆవిడ కోళ్ళు వేరు. ఇంక హ్యాండోవర్ దేనికి? అందుకే రూలు పెట్టుకున్నాం. లంక పెన్‌డ్రైవ్‌లో మాత్రమే ఉండాలి. అది పంపాక బాక్సులోంచి తుడిచెయ్యాలి. వారం ఒకరిది, వారం ఇంకొకరిది.

అక్క వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టులో కోళ్ళు జాగ్రత్త అంది, అంతే. నాలుగో రోజున ఆవిడ మంచం మీదికి కొత్తమ్మాయి వచ్చింది, కేరళ పిల్ల, మంచిదే. హాస్పిటల్ లెక్కలో ఖాళీ బెడ్ ఉండకూడదు. ఆవిడ తలగడ ఉన్నచోట వేరే తలగడ చూస్తే మాత్రం నాకు రెండు రోజులు అన్నం సహించలేదు.

వారం తిరిగేసరికి హుఫూఫ్‌లో బావగారు పాత బాక్సు, పాత డిస్కు ఎక్కడో సంపాదించారు. ఇక్కడ నేను పలక రాశాను, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. బాక్సులోంచి తుడవాలా అని తెర అడిగింది. అవునన్న గుర్తు మీద వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో. చివరికి నొక్కాను. ఐదు కోళ్ళు, మూడేళ్ళు, నా గోరంత ముక్కలో మిగిలాయి. మామిడి తాండ్ర మడతల మధ్య పెట్టి పార్సిల్ కొట్టులో ఇచ్చాను.

మూడు రోజుల్లో చేరాలి, చేరలేదు. నాలుగో రోజూ లేదు. ఐదో రోజు నేను పార్సిల్ కొట్టులో యెమెన్ కుర్రాడితో గొడవపడ్డాను, వచ్చిన అరబ్బీ అంతా వాడేశాను. లోపల ఏముందని అడిగాడు. ఒక ఇల్లు అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసినా పాపం ఫోన్లు చేసి కనుక్కున్నాడు. ఆరో రోజు అక్క నుంచి ఒకే ఒక్క ముక్క మెసేజ్ వచ్చింది: 'టేకోవర్ చేసుకున్నాను.' వార్డు కారిడార్‌లో గెంతాను. ఒక పేషెంటు తల్లి నన్ను చూసి తనూ నవ్వింది.

తర్వాతి వారం ఖర్జూరాల పెట్టె వచ్చింది. కొత్తమ్మాయి డ్యూటీలో ఉంది. గదిలో నేనొక్కదాన్నే. ఖర్జూరాల కింద చిన్న కవరు, కవర్లో పెన్‌డ్రైవ్. బాక్సుకి తగిలించాను. తెర వెలిగింది. కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. నేను ముందు పలక దగ్గరికి వెళ్ళాను.

"కోళ్ళు ఐదు, అన్నీ తిన్నాయి. మూడో నంబరు డిశ్చార్జి. దీపం వెలిగించాను, పడవ వచ్చింది. బెడ్ నంబర్ టూ నాదే. నేను లేనప్పుడు ఖాళీగా కనబడుద్ది. అడ్మిషన్లు తీసుకోవద్దు."

రెండుసార్లు చదివాను. తర్వాత కళ్ళు తుడుచుకుని, సాయంత్రమవుతోంది కదా అని దీపం వెలిగించడానికి మెట్లెక్కాను.