మూడు రోజుల మూఢం

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వసారాలో విసనకర్రతో కూర్చుంటే, మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. ఎక్కడో మన సూర్యుడిలాంటి నక్షత్రం ఉందట. దాన్ని అంటిపెట్టుకుని తిరిగే గ్రహమూ ఉందట. ఎంత దగ్గరగా అంటే, నాలుగు రోజులకే దానికి ఏడాది తిరిగిపోతుందట. ఒక ముఖం ఎప్పుడూ ఆ మంటవైపే, రెండో ముఖం ఎప్పుడూ చీకట్లోనేనట. "పాపం, దానికి జన్మంతా మూఢమేనన్నమాట" అన్నాను. "మూఢం అంటే ఏంటి అమ్మమ్మా?" అంది. శుక్రుడో గురుడో సూర్యుడికి మరీ దగ్గరగా వెళ్ళి ఆ వెలుగులో కనపడకుండా పోవడమనీ, అన్నాళ్ళూ పెళ్ళిళ్ళు చెయ్యరనీ చెప్పాను. చెప్పాక నోరు చేదైంది.

కపిలేశ్వరపురంలో మా పెద్ద మావయ్య చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ముహూర్తాలు పెట్టేవారు. అప్పటికే ఆయనకు చూపు మందగించి, వీధరుగు దిగితే మనిషికీ అరటిచెట్టుకీ తేడా తెలిసేది కాదు. ఆకాశంలో శుక్రుడు ఏ మూల ఉన్నాడో మాత్రం తడుముకోకుండా చెప్పేవారు. మూఢం వచ్చిందంటే మా ఇళ్ళల్లో కొత్తచీర మడత విప్పడానికి కూడా భయమే. "ఆవకాయ పెట్టుకోవచ్చా, దానికీ శుక్రుడు కనపడాలా?" అని అత్తయ్య వంటింట్లోంచి దెప్పేది. ఆయన వినపడనట్టు పంచాంగాన్ని కళ్ళకు ఆనించుకునేవారు.

ఆయన కూతురు నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకు వదిన. నేను డిగ్రీ పరీక్షలు రాసి వాళ్ళింటికి వెళ్ళిన ఆ వేసవిలోనే వదినకు అల్లవరం సంబంధం కుదిరింది. అబ్బాయి మస్కట్‌లో పని. నెలన్నర సెలవు మీద వచ్చాడు, ఆ నెలన్నరా శుక్ర మూఢమే. ఒకసారి పెళ్ళిచూపులకూ, ఇంకోసారి ఏమీ పని లేకుండానూ వచ్చి వెళ్ళాడు. ఆ రెండోసారి వచ్చినప్పటినుంచి వదిన పరధ్యానంలో పొయ్యి మీద పాలు పొంగబెట్టడం మొదలుపెట్టింది. ఇక ఎల్లుండే విమానం అనగా, మగపెళ్ళివారు వాళ్ళ పంచాంగం పట్టుకుని వచ్చారు. అందులో మూఢం ఆ రోజుతో విడిచిపోతోంది. మావయ్య పంచాంగంలో ఇంకా మూడు రోజులుంది. రేపే పెళ్ళి చేసేద్దామని వాళ్ళు బతిమాలారు.

"ఊరందరి పెళ్ళిళ్ళూ ఈ పుస్తకం చూసే ఆపేనండి. నా గుమ్మంలోకి వచ్చేసరికి ఇంకో పుస్తకం తెరవమంటే ఎలాగండి?" అన్నారు మావయ్య.

ఆ సాయంత్రం వదిన నా చెయ్యి పట్టుకుని ఏటిగట్టు మీదికి లాక్కుపోయింది. గోదావరి అవతల లంకల మీద పొద్దు కుంకింది. దోమలు కుడుతున్నా కదలకుండా నిలబడ్డాం. కాసేపటికి ఎర్రదనం అడుగున, నీళ్ళకు జానెడు ఎత్తులో, పాలచుక్కంత తెల్లగా శుక్రుడు కనిపించాడు. ఇద్దరం చూశాం. వదిన నా చెయ్యి ఎంత గట్టిగా నొక్కిందంటే గాజు చిట్లింది.

పరుగున వచ్చి "నాన్నగారండీ, చుక్క కనపడిందండి" అంది.

"పంచాంగంలో ఇంకా మూడు రోజులుందమ్మా."

"ఆకాశంలో లేదండి మరి."

అరుగు మీద పెద్దలంతా నవ్వారు. మావయ్య నవ్వలేదు. నావైపు తిరిగారు. "పుస్తకం కంటే కన్నే పెద్దది. కానీ పెళ్ళికూతురి మాట ఒక్కటీ చాలదే అమ్మా. నువ్వూ చూసేనంటే రేపే పందిరి వేయిస్తాను. కనపడిందా?"

పదిమందీ నన్నే చూస్తున్నారు. రేపు వీళ్ళ కాపురంలో ఏ చెడు జరిగినా, మూఢంలో పెళ్ళి చేయించింది ఇదేనని నా మీదికే వస్తుందనిపించింది. "సరిగ్గా తెలియలేదండి" అన్నాను.

అబ్బాయి వెళ్ళిపోయాడు. మళ్ళీ సెలవు రెండేళ్ళకు దొరికింది. అప్పటికి వాళ్ళవాళ్ళు వేరే పిల్లను చూసేశారు. ఆ తరవాత వచ్చిన సంబంధాలకు వదిన తలూపలేదు. మావయ్యకు చూపు పూర్తిగా పోయింది. వేళకు మందు, మెత్తగా కలిపిన అన్నం, ఏటిగట్టు దాకా చెయ్యి పట్టుకుని నడిపించడం, అన్నీ ఆవిడే. ఎవరి పెళ్ళికి ముహూర్తం కావాలన్నా పక్కన కూర్చుని పంచాంగం చదివి వినిపించిందీ ఆవిడే. ఎప్పుడు వెళ్ళినా తండ్రివైపు తిరిగిన ముఖమే మాకు కనిపించేది. రెండోవైపు ఏముందో ఎవరమూ అడగలేదు. నేను అసలే అడగలేదు.

మావయ్య చనిపోయిన ఏడాది, ఇద్దరం గట్టు మీద నడుస్తుంటే వదిన హఠాత్తుగా ఆగింది. "ఆవేళ నీకు కనపడింది కదే?"

"ఆయ్, కనపడింది" అన్నాను.

"నాకూ అలాగే అనిపించిందిలే" అని, నా భుజం మీద జారిన పైట సర్ది, ముందుకు నడిచింది. ఇప్పుడు ఆవిడా లేదు.

"మరి ఆ మూఢం ఎన్నాళ్ళుంటుంది అమ్మమ్మా?" అంది మనవరాలు ఫోను పక్కన పెడుతూ. పుస్తకం ప్రకారం ఇంకా మూడు రోజులే ఉండేది. నేనన్న ఒక్క మాటతో అది మా వదినకు జీవితకాలం పట్టింది.