రెండో జిల్దు

మొన్న మనవరాలి పుస్తకాల కోసం హన్మకొండలో కొత్తగా తెరిచిన పెద్ద షాపుకు వెళ్లాను. ఊరూరా ఒకే బోర్డు, ఒకే రంగు సంచులు, లోపల చలి పుట్టించే ఏసీ. బిల్లు దగ్గరున్న అబ్బాయిని "వీటికి జిల్దులు మీరే వేసిస్తారా?" అని అడిగితే, "ఆ బుక్ స్టాక్‌లో లేదు మేడమ్" అన్నాడు. మనవరాలు పకపకా నవ్వింది. పుస్తకానికి వేసే అట్టను మా తరం జిల్దు అనేదని దానికి చెప్పబోయి, ఊరుకుని సంచి అందుకున్నాను. ఆ మాట మా ఇంట్లో ఒకప్పుడు చేసిన పని అట్లాంటిది మరి.

డెబ్బైల చివర్లో సంగతి. మేము కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. బాపు స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఆయనది నిజాం కాలపు ఉర్దూ చదువు, తెలుగు మాట్లాడటమే గానీ అక్షరం రాదు. అక్కకు గుండె జబ్బు. మంచం దిగొద్దని డాక్టరు చెప్పాక కాలేజీ మానేసి నవలల్లో పడింది. అద్దె లైబ్రరీ నుంచి తెచ్చిన ఒక నవల చివర, తండ్రితో పోట్లాడి ఇల్లు విడిచిన అమ్మాయి రైలెక్కుతుంది. అంతే, మొదటి భాగం సమాప్తం. రెండో భాగాన్ని ఏ మహానుభావుడో తీసుకుపోయి తిరిగివ్వలేదట. "ఆ పిల్ల ఏమైందో తెల్వకుండనే నేను పోతనేమో" అని అక్క నవ్వులాటకే అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. బాపు మాత్రం నవల పేరు ఉర్దూలో ఒక చీటీ మీద రాసుకుని, చొక్కా తొడుక్కుని హన్మకొండ బస్సెక్కాడు.

రాష్ట్రమంతా శాఖలున్న ఒక పుస్తకాల కంపెనీ అప్పట్లో అక్కడ షాపు పెట్టింది. ట్యూబులైట్లు, ఫ్యాన్లు, ఎవరికి కావలసింది వాళ్లే తీసి చూసుకునేటట్టు పొడుగాటి బల్లలు. బాపు అలవాటు ప్రకారం చెప్పులు గడప బయట విడిచాడు. "పర్లేదండీ, చెప్పులతోనే వచ్చేయండి" అన్నాడట కోస్తా నుంచి వచ్చిన సేల్స్‌మన్. "సదువుల తల్లి ఉన్నకాడికి చెప్పులతోని ఎట్లొస్త సార్?" అన్నాడట బాపు. ఆ తర్వాత చీటీ చూసి పేరు చెప్పి, "దీని రెండో జిల్దు కావాలె" అన్నాడు. ఉర్దూలో జిల్దంటే భాగం అని కూడా అర్థముంది. బాపు అడిగింది ఆ అర్థంలోనే. ఆ సేల్స్‌మన్‌కు ఏ అర్థమూ తెలియదు, పక్కనున్న మన ఊరివాణ్ని అడిగితే "అట్ట సార్" అన్నాడు. మామూలు అట్టది ఒకటి, గట్టి అట్టది ఇంకొకటి ఉన్నాయి కాబట్టి, రెండో అట్ట అంటే అదేననుకుని గట్టిది తీసి ఇచ్చారు. పాపం, ఎవరి తప్పూ లేదు.

బాపు ఇంటికొచ్చి, "సూడు బిడ్డా, ఎంత మజ్బూత్ జిల్దో!" అని మంచం మీద పెట్టాడు. అది మళ్లీ మొదటి భాగమే. నేను నోరు తెరవబోతే అక్క నా చెయ్యి గిచ్చింది. "గిదే బాపు! దీనికోసమే గద నా పానమంత కొట్టుకున్నది" అంది. ఆ సాయంత్రమే బాపు ఎదురుగా కూర్చుని, "ఇగ చెప్పు, ఆ పిల్ల ఏమైంది?" అన్నాడు. అక్క పుస్తకం తెరిచి, అందులో లేని కథ మొదలుపెట్టింది.

ఇక రోజూ అదే. డ్యూటీ దిగి రావడం, మంచం పక్కన చేరడం, అడ్డమైన ప్రశ్నలన్నీ వెయ్యడం. "పాసింజరా, ఎక్స్‌ప్రెస్సా? టికెట్ ఉన్నదా, ఉత్తగనే ఎక్కిందా? సీటు దొరికిందా?" కథ ఒక అడుగు ముందుకు పడనిచ్చేవాడు కాదు, నాకు ఒళ్లు మండేది. అక్క ఆ అమ్మాయిని చివరికి కాజీపేటలోనే దించింది. "వారీ, మన టేషన్లనా!" అని బాపు తొడ చరిచాడు. ఆ అమ్మాయి ఇక్కడే పంతులమ్మగా చేరింది, గది కిరాయికి తీసుకుంది. అక్కకు ఆయాసం ఎక్కువవుతున్న కొద్దీ కథ సన్నబడింది. ఒకనాడు, ఆ తండ్రి కూతుర్ని వెతుక్కుంటూ వచ్చి కాజీపేటలో రైలు దిగాడు. "మిగిలింది రేపు చెప్త బాపు" అని అక్క కళ్లు మూసుకుంది. తెల్లారేసరికి పోయింది.

కర్మకాండలయ్యాక బాపు ఆ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. మిగతా కథ చదవమంటున్నాడనుకున్నాను. ఏదో ఒక పేజీ తెరిచి, "తండ్రి స్టేషన్లో దిగి..." అని గొణగడం మొదలుపెట్టాను. బాపు నా చేతి మీద చెయ్యి వేశాడు. "వద్దు బిడ్డా, నువ్వెందుకు తిప్పలవడ్తవ్?" అని, పుస్తకం వెన్ను మీదున్న అంకెను చూపించాడు. "దినాం టికెట్లిచ్చెటోన్ని. ఒకటికి రెంటికి ఫరక్ తెల్వదా నాకు? ఇంటికి తెచ్చినంక చూసిన. వాపసిద్దామనుకుంటె, అప్పటికే అది కథ సురూ చేసింది. ఎంత సంబురంగ చెప్తాంది, ఎట్ల ఆపుదు?"

పుస్తకం మూసి పక్కన పెట్టాడు. తర్వాత చిన్నపిల్లాడిలా ఏడుస్తూ అన్నాడు: "కథ అయ్యేదాంక అది యాడికి పోదనుకున్న. అందుకే అన్ని సవాళ్లు అడిగిన బిడ్డా. బండి ఎంత లేటైతే అంత మంచిదనుకున్న."

అసలు రెండో భాగం ఆ తర్వాత ఎన్నోసార్లు కంటబడింది, నేను తెరవలేదు. బాపు పోయి కూడా ఏళ్లయింది, నా వయసు ఆయన వయసును దాటింది. కాలం అందరినీ మోసుకుపోయింది గానీ, కూతుర్ని వెతుక్కుంటూ వచ్చిన ఆ తండ్రిని మాత్రం కాజీపేట ప్లాట్‌ఫారం మీదే వదిలేసి పోయింది.