తాత మానేసిన రోజులు

నా చిన్నప్పుడు ఉదయగిరి కోటలో దయ్యాలున్నాయని పిల్లలంతా హడలిపోయేవాళ్ళు. నా భయం మాత్రం మా ఇంట్లోనే ఉండేది. కట్టె గరిటెలు చెక్కే మా తాత పొద్దున్నే నాటుసారా పడితే గానీ బాడిస పట్టలేకపోయేవాడు. సారా మీద నిషేధం ఉన్న రోజులవి. అయినా కొండ చాటున కాచేవాళ్ళు ఉండబట్టి దానికి కొరత లేదు.

చెప్పీ చెప్పీ విసిగిన అవ్వ, ఒకనాడు నా తల మీద చెయ్యి పెట్టించి తాగనని ఒట్టు వేయించింది. ఒట్టు తప్పితే పోయేది నేనే. తాతకు నేనంటే ప్రాణం, అందుకే చుక్క ముట్టలేదు. రెండు మూడు రోజులకే ఆయన ఒళ్ళంతా చెమటలు, వణుకు. గోడ మీద లేని చీమల్ని దులపసాగాడు. నన్ను చూసి ఎవరని అడిగాడు. నేను మంచం కింద దూరి ఏడ్చాను. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగు.

నాయన మమ్మల్ని బస్సెక్కించి ఆత్మకూరు తీసుకుపోయాడు. తాగుడు సంగతి చెబితే పోలీసులొస్తారని డాక్టరుతో ఉత్త జ్వరమన్నాడు. ఆ డాక్టరు తాత కళ్ళు, నాలుక చూసి, లేచి తలుపు మూసి వచ్చాడు.

"ఎప్పుడు మానినాడు?"

అవ్వ ఒట్టు సంగతి చెప్పి భోరుమంది.

"మంచికే చేసినావమ్మా. కానీ ఇన్నేళ్ళు తాగినాక ఒక్కసారిగా మానిపిస్తే మనిషే పోతాడు. కొలిచి, కొంచెం కొంచెం తగ్గించాల," అంటూ సూది వేశాడు.

తెలివి వచ్చాక, డాక్టరు కొలిచి పోసిన కాస్త సారా తాగడానికి తాత ఒప్పుకోలేదు. "నేను పోతే పోతాను సామీ. బిడ్డకేమన్నా అయితే?"

డాక్టరు నన్ను పిలిచి నాడి చూశాడు. బిడ్డ గుండ్రాయిలా ఉందని, ఇది తాగుడు కాదు, తానిచ్చే మందని నచ్చజెప్పాడు. తాత నన్నే చూస్తూ ఆ కాస్తా మింగాడు. ఆ రోజంతా నేను చావు కోసం ఎదురుచూస్తూ, అన్నం కూడా తినకుండా అవ్వ కొంగు పట్టుకుని కూర్చున్నాను. ఏమీ కాలేదు.

ఇంటికొచ్చాక తాత కొలతకని తనే గరిటె చెక్కుకున్నాడు. డాక్టరు చెప్పినప్పుడల్లా ఇంకా చిన్నది చెక్కేవాడు. చివరిదాంట్లో ఉగ్గుపాలు కూడా పట్టవని అవ్వ నవ్వేది.

ఇప్పటికీ మావాళ్ళలో ఏ పెద్దాయనైనా రేపటి నుంచి తాగుడు మానేస్తానంటే ఇల్లంతా సంతోషిస్తుంది.  నేను మాత్రం ముందు డాక్టరు దగ్గరికి పోదాం పదమని చెయ్యి పట్టుకుంటాను.