కార్తీక సోమవారం గుడ్డు పులుసు

చిక్కడపల్లిలో మా పిన్ని నడిపే కర్రీ పాయింట్‌ని ఒక్క సాయంత్రంలో మూయించబోయిన ఘనుణ్ని నేనే. ఎలాగో చెబుతాను, నవ్వితే నవ్వండి.

అప్పుడు నారాయణగూడలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. పిన్ని కోసం రెండు ప్రోగ్రాములు రాసిపెట్టాను. కౌంటర్లో ఒకటి ఆర్డర్ తీసుకుంటుంది, రెండోది దాన్ని వంటింట్లో బాబాయికి తెర మీద చూపిస్తుంది. మొదటిది ఆర్డర్ పంపి, రెండోది "అందింది" అనేదాకా ఆగి, ఆ తర్వాతే ఇంకోటి పంపేది. ఎంత బుద్ధిగల పిల్లలో చూడండి. కానీ ఆ రెప్పపాటు ఆలస్యం నా ప్రాణం తీసేది. అందుకని పంపడాలూ అందడాలూ ఎత్తేసి, రెండింటికీ మెమరీలో ఒకటే చోటు ఇచ్చాను. ఒకటి అక్కడ రాస్తుంది, రెండోది అక్కడే చదువుకుంటుంది. ఒకటి రాస్తుంటే రెండోది ఆగాలని చెప్పడం మాత్రం మర్చిపోయాను. చిన్న విషయమే లెండి.

"మంచిగ నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతున్నవ్‌రా?" అంది పిన్ని.

"చూస్తుండు పిన్నీ, ఇగ బుల్లెట్ లెక్క పోతది."

ఆ రోజు కార్తీక సోమవారం. అశోక్‌నగర్ హాస్టల్ వాళ్లు గుడ్డు పులుసు చెప్పారు. వాళ్ల వెనకే సుందరమ్మగారు ఉల్లీ వెల్లుల్లీ లేని పెసరపప్పు అడిగారు. గాంధీనగర్లో వాళ్ల అపార్ట్‌మెంటు మొత్తం ఆవిడ మాట మీదే మా దగ్గర కొంటుంది. ఆవిడ అలిగితే సగం గిరాకీ పోయినట్టే.

కౌంటర్ ప్రోగ్రాం ఆవిడ పేరు రాసింది. కూర పేరు రాసేలోపే వంటింటి ప్రోగ్రాం ఆత్రంగా చదివేసింది. కొత్త పేరు కింద పాత కూర.

"అరే, సుందరమ్మగారికి గుడ్డు పులుసా? ఇయ్యాల సోమవారం గదరా," అన్నాడు బాబాయి.

"కంప్యూటర్ తప్పెందుకు చెప్తది బాబాయ్? నువ్వు కట్టు."

పాపం, కట్టాడు.

కాసేపటికి ఆవిడ తిరిగొచ్చారు. వెనకాలే వాళ్లాయన.

"పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదమ్మా నేను. దీపం పెట్టుకుని, ఆకు వేసుకుని పొట్లం విప్పితే గుడ్లు నా వంకే చూస్తున్నాయి."

పిన్ని ముఖం పాలిపోయింది. "తప్పయింది అమ్మా. మా పిల్లగానికి జర తెలివి ఎక్కువైంది," అంటూ నన్ను ముందుకు తోసింది. ఏళ్ల తరబడి పొయ్యి దగ్గర నిలబడి ఆమె సంపాదించుకున్న పేరు నా వల్ల పోతోందని నిజంగానే ఏడుపొచ్చింది.

"ఇప్పుడే పాత పద్ధతికి మార్చేస్తానండి. జర నిదానంగా నడుస్తది గానీ తప్పు చెప్పదు," అన్నాను.

నా కళ్లు చూసి ఆవిడ కరిగిపోయారు. "పోనీలే, చిన్నవాడు. పప్పు కట్టించండి."

"ఆ పులుసు పొట్లం తెచ్చిన్రా అమ్మా?" అడిగింది పిన్ని.

"ఇంకెక్కడి పొట్లం? నేను చెప్పులేసుకుని వచ్చేలోపు ఖాళీ. పిల్లి తినేసినట్టుంది."

పిన్ని పప్పు కడుతుంటే వాళ్లాయన మీసం తుడుచుకుంటూ నా చెవి దగ్గరికి వచ్చారు. "నాయనా, నెలంతా చప్పిడి తిండి. ఆ స్పీడు ప్రోగ్రాం వచ్చే సోమవారం దాకా అలాగే ఉంచకూడదూ?"

ఆ క్షణమే ఒట్టు పెట్టుకున్నాను. రెప్పపాటు మిగుల్చుకోవడం కోసం రెండు ప్రోగ్రాములను ఒకే చోట అదుపు లేకుండా ఇంకెప్పుడూ వదలను, ఏ పిల్లి ఎంత బతిమాలినా సరే.