చీలమండకు కట్టిన తాడు

అన్నయ్య గోవాలో ఒక బీచ్ హోటల్లో కొన్నాళ్ళు పనిచేసి ఇంటికి వచ్చినప్పుడు, సూట్‌కేసుతో పాటు మనిషి కంటే పొడవైన పలక ఒకటి తెచ్చాడు. అలల మీద నిలబడి జారే సర్ఫింగ్ బోర్డు అది. ముక్కు దగ్గర పగిలిందని ఎవరో విదేశీయుడు వదిలేసి వెళ్తే, అన్నయ్యే అతికించి బాగుచేసుకున్నాడు. రాజమండ్రిలో రైలు దిగి, రావులపాలెంలో బస్సు మారినప్పుడు కండక్టరు దాన్ని చూసి, "ఏంటండీ ఇది, తలుపా?" అని అడిగాడట.

"ఆయ్, తలుపేనండి," అన్నాడట అన్నయ్య.

"మరి గొళ్ళెం ఏదండీ?"

ఆ మాట చెప్పి ఇల్లంతా నవ్వించాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటుకు కాస్త ఎడంగా ఉంటుంది మా ఊరు. నాన్న వేటకు వెళ్తే, అమ్మ ఒడ్డున చేపలు కోసి ఎండబెట్టేది. నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మా ఊళ్ళో సముద్రం అంటే పని. సరదాకి అందులోకి దిగేవాళ్ళు ఎవరూ లేరు. ఆడపిల్లలు అసలే లేరు. అన్నయ్య మాత్రం మొదటి వారమే నన్ను పిలిచాడు.

"కాలవలో ఈత కొడతావుగా. ఇదీ వచ్చేస్తది, రా."

అలలో పడితే బోర్డు కొట్టుకుపోకుండా దాని తోకకూ మన చీలమండకూ మధ్య ఒక తాడు ఉంటుంది. అసలు తాడు గోవాలోనే తెగిపోయింది. అన్నయ్య వలలకు వాడే నైలాన్ తాడు తెచ్చి నా కాలికి చుట్టి, బిగించి ముడివేశాడు. ఊడదు కదా అని నేను కూడా ధైర్యంగానే ఉన్నాను.

పడటం ఎలాగో ముందు నేర్పాడు. తలకిందులుగా దూకకూడదు, వెల్లకిలా పడాలి. మునిగితే రెండు చేతులతో తల కప్పుకోవాలి. అల దాటిపోయేదాకా గింజుకోకూడదు. వింటూ తలూపాను. నా ధ్యాసంతా నిలబడటం మీదే ఉంది. కొన్నాళ్ళకు నిజంగానే నిలబడ్డాను. ఒడ్డు నా వైపు పరుగెత్తుకొస్తున్నట్టు అనిపించిన ఆ క్షణం ఇప్పటికీ ఒంట్లో ఉంది.

ఒకరోజు ఉదయం ప్రవాహం మమ్మల్ని పక్కకి లాగింది. వలలు కట్టడానికి ఎప్పుడో పాతి వదిలేసిన సరుగుడు గుంజలున్న వైపు. అవి నీళ్ళ అడుగునే ఉంటాయి, పైకి కనపడవు. నేను అలలో పడ్డాను. పైకి లేవబోతే కాలు రాలేదు. తాడు ఒక గుంజకు చుట్టుకుపోయింది. పైన బోర్డును అలలు ఒడ్డు వైపు లాగుతుంటే, కింద నా కాలు గుంజకు బిగుసుకుపోతోంది.

వెలుతురు నా తల మీదే ఉంది. చెయ్యి చాపితే వేళ్ళు గాల్లోకి వెళ్ళాయి, మొహం వెళ్ళలేదు. శక్తికొద్దీ తన్నాను. తన్నినకొద్దీ ముడి చర్మంలోకి దిగింది. నోట్లోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. అప్పుడు అన్నయ్య మాట గుర్తొచ్చిందని గొప్పగా చెప్పుకోవాలని ఉంది కానీ, నిజానికి తన్నే ఓపిక అయిపోయి ఆగాను. ఆగగానే తాడు కాస్త వదులైంది. అల దాటిపోయింది కాబోలు. పైకి కాదు, కిందికి వెళ్ళాలని అప్పుడు తట్టింది. వంగి గుంజను వాటేసుకున్నాను. దానికి పట్టిన గుల్లలు అరచేతులు కోశాయి. వేలు దూరేంత సందు దొరికింది కానీ ముడి మాత్రం రాలేదు.

ఒడ్డున అమ్మ చేపలు కోస్తూ తలెత్తింది. బోర్డు నీళ్ళలో పడుకుని లేదు, నిటారుగా నిలబడి ఉంది. దాని తోకను కిందికి ఏదో పట్టుకుందని ఆమెకు అర్థమైపోయింది. "ఒరేయ్, పిల్ల అడుగునుందిరా!" అని అరుస్తూ, చేతిలో కత్తి చేతిలోనే ఉండగా నీళ్ళలోకి పరుగెత్తింది. నన్ను గుంజల అవతల వెతుకుతున్న అన్నయ్య వెనక్కి ఈదుకొచ్చి, గుండెల్లోతు నీళ్ళలో ఉన్న అమ్మ దగ్గర కత్తి అందుకుని మునిగాడు.

నాకు తెలిసింది ఒక చెయ్యి నా పిక్కను పట్టుకోవడమే. కదలకుండా ఉండిపోయాను. తాడు తెగింది. ఆకాశం మొహం మీద పడింది.

ఇసుకలో బోర్లా పడుకుని దగ్గుతుంటే అమ్మ నా వీపు మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అన్నయ్య ఒక్కటే మాట అంటున్నాడు. "నాదేనే తప్పు. ఊడే ముడి వెయ్యాల్సింది."

బోర్డు ఆ రాత్రి పొయ్యిలోకి వెళ్ళిపోతుందని ఇద్దరం అనుకున్నాం. అన్నాలు తిన్నాక అమ్మ దాన్ని కాసేపు చూసింది.

"పలకేం చేసింది దీన్ని? తాడు కదరా పట్టుకుంది."

"మరి తాడు లేకుండా వెళ్తే పలక పోద్దమ్మా. అది లేకపోతే మధ్యలో పట్టుకోడానికేం ఉండదు," అన్నాడు అన్నయ్య.

"అయితే పట్టుకునేదీ కావాలి, లాగితే వదిలేసేదీ కావాలి. అంతేగా?"

మర్నాడు నా పాత కాలేజీ బ్యాగు విప్పేసింది. దాని మూతకున్న, చర్రుమని ఊడే అతుకుపట్టీ కోసి, మందపాటి గుడ్డ మీద కుట్టి నా చీలమండకు సరిపోయే కడియంలా చేసింది. దాని చివర, కళ్ళు మూసుకున్నా చేతికి తగిలేలా, పెద్ద గుడ్డ ఉంగరం ఒకటి వేలాడదీసింది. మంచం మీద పడుకుని, తన కాలికే కట్టుకుని, మళ్ళీ మళ్ళీ లాగి చూసుకుంది. నైలాన్ తాడు బదులు అన్నయ్య సైకిల్ ట్యూబు చీల్చి అల్లాడు. అది సాగుతుంది కనుక కాలిని ఒక్కసారిగా కుదపదు. కానీ సాగింది తిరిగి వస్తుంది కదా. మొదటిరోజే బోర్డు ఎగిరొచ్చి అన్నయ్య నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి కట్టించింది. పైకి లేచేటప్పుడు ముందు చెయ్యి, తరవాత మొహం అని అప్పుడు నేర్చుకున్నాం.

నన్ను మాత్రం సముద్రంలోకి వెంటనే పోనివ్వలేదు. ఇంటి వెనక కాలవలో, రేవులో వేసిన కొబ్బరి దుంగకు పట్టీ తాడు రెండో కొస కట్టి, మునిగి ఊడదీసుకు రమ్మనేవాడు అన్నయ్య. మొదటిసారి కాలికి ఏదో తగలగానే నా ఒళ్ళు నా మాట వినలేదు. పైకి రాబోయి తాడు బిగుసుకుని ముక్కులోకి నీళ్ళు పోయాయి. అన్నయ్య ఎత్తి పట్టుకున్నాడు. ఏడ్చాను. రేవు మెట్టు మీద బియ్యంలో రాళ్ళు ఏరుతున్న అమ్మ చేట పక్కన పెట్టి, "ఎక్కడ పట్టుకుందో అక్కడికే వెళ్ళమ్మా. దూరం పోతే బిగిసిపోద్ది," అంది.

వెళ్ళాను. మోకాలు ముడిచి, తాడు వెంబడే చెయ్యి జరిపితే గుడ్డ ఉంగరం తగిలింది. లాగాను. నీళ్ళలో చప్పుడు లేకుండా ఊడొచ్చేసింది. పైకి వచ్చి నవ్వేశాను. ఆ తరవాత ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చివరికి నీళ్ళ కింద తొందర పోయింది. అక్కడ ఆగి ఆలోచించుకోవడానికి కాస్త చోటు ఉంటుందని తెలిసింది.

ఎండలు ముదరకముందే మళ్ళీ సముద్రానికి వెళ్ళాం. గుంజలకు బాగా ఎడంగా ఉన్న ఒడ్డు అమ్మే చూపించింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మొదటి అల వదిలేశాను, భయంతోనే. రెండోది కూడా వదిలేశాను. అన్నయ్య పక్కనే నీళ్ళు తొక్కుతూ ఉన్నాడు. తరవాత వచ్చిన అల చిన్నది, ముదురాకుపచ్చగా ఉంది. అది అందుకునేలోపే చేతులతో నీళ్ళు తోసుకుంటూ ముందుకు సాగి, బోర్డు తేలిక కాగానే లేచి నిలబడ్డాను.